మూసేసిన గేటు దగ్గర టీ

నేను ఢిల్లీ వెళ్తున్నానని తెలిసి, మా ఆఫీసులో పనిచేసే రమణిగారు గ్రేటర్ నోయిడాలో ఉండే చెల్లెలు పద్మకి ఇమ్మని సున్నుండల డబ్బా ఇచ్చారు. తిరుగు రైలెక్కే రోజు సాయంత్రం, పద్మగారికి ఫోన్ చేసి చెప్పి అటు బయల్దేరాను.

ఫోన్లో మ్యాపు చూపించిన గేటు దగ్గరే ఆటో ఆగింది. గేటుకి మాత్రం పెద్ద తాళం. ప్రహరీని ఆనుకునే ఉన్న భవనంలో, రెండో అంతస్తు బాల్కనీ నుంచి పద్మగారు కేకేశారు.

"అయ్యో, ఆ గేటు మూసేశారండీ! పక్కన కొత్త అపార్ట్‌మెంట్ల సొసైటీ కట్టాక మాకు ఇటు దారి లేదు. హైవే ఎక్కి, యూటర్న్ తీసుకుని ముందు గేటుకి రావాలి."

"జామ్ హై, ఘంటా లగేగా," అన్నాడు ఆటో అతను. ఆ ట్రాఫిక్‌లో గంటసేపు తిరిగితే నా రైలు వెళ్లిపోతుంది. ఆ మాటే ఆవిడకి చెప్పాను.

"అచ్ఛా, ఉండండి," అని లోపలికెళ్లారు. కాసేపటికి తాడు కట్టిన బుట్ట ఒకటి గోడ మీదకి దిగింది. రోజూ బండివాళ్ల దగ్గర కూరలు అందుకునే బుట్టట. అందులో ఫ్లాస్కు, రెండు కప్పులు.

"ఒకటి ఆటో భయ్యాకివ్వండి."

ఇద్దరం నిలబడే తాగాం. ఫ్లాస్కు, కప్పులతో పాటు సున్నుండల డబ్బా కూడా బుట్టలో పెట్టాను.

"మేమొచ్చిన కొత్తలో ఇటంతా పొలాలేనండీ," అన్నారావిడ, తాడు పైకి లాగుతూ. "ఈ గేటులోంచే నడిచెళ్లి బస్సెక్కేవాళ్లం."

ఊరికి రాగానే రమణిగారు అడిగారు: "మా చెల్లి చిక్కిపోయిందా?"

"టీ బాగా పెడతారండీ," అన్నాను.