ఈగలూ గద్దపిల్లలూ

తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు స్కూల్లో నేను తెలుగు చెప్పేదాన్ని. స్కూలు మొత్తానికి సెల్‌ఫోన్ మా కరస్పాండెంటు గారి చేతిలో ఒక్కటే ఉండే రోజులవి. ఆయన హైదరాబాదులో ఏదో సదస్సుకు వెళ్లి, తిరిగి వస్తూ ఒక మాట పట్టుకొచ్చారు. ఇకనుంచి ఎల్‌కేజీ పిల్లల్ని ఎల్‌కేజీ అనకూడదట. ‘ఈగ్లెట్స్’ అనాలట.

“అంటే ఏంటండీ?” అని అడిగాను.

“ఈగిల్ పిల్లలండీ. ఎంత ఎత్తుకు ఎగురుతారో చూడండి.”

గది గుమ్మం మీద ఆ పేరు రాయడానికి వచ్చిన పెయింటరు, చోటు చాలక, ‘ఈగ’ ఒక వరుసలోనూ ‘లెట్స్’ దాని కిందా రాసి వెళ్లిపోయాడు. మర్నాడు ఉంగుటూరు నుంచి మనవణ్ణి దింపడానికి వచ్చిన పెద్దావిడ గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

“ఏవండీ టీచరుగారూ, మావాణ్ణి ఈగల్లో వేశారేంటండీ? సరిగ్గా చదవట్లేదాండీ?”

కరస్పాండెంటు గారు కంగారుపడి, ఆ మాటను తెలుగులో పెట్టమని నాకు పురమాయించారు. నేను నిజాయితీగా ‘గద్దపిల్లలు’ అని రాసిచ్చాను. ఆయన మొహం చిట్లించారు గానీ, అప్పటికే ఆ కాగితం, పిల్లల చొక్కాలకు బ్యాడ్జీలు కుట్టే టైలరు దగ్గరికి వెళ్లిపోయింది. ఆ టైలరు కొడుకూ మా ఎల్‌కేజీలోనే. అతను కాగితం పట్టుకుని వచ్చేశాడు.

“మా పెరట్లో కోడిపిల్లలన్నిటినీ గద్దే తన్నుకుపోయిందండీ. ఇప్పుడు నా కొడుకు చొక్కా మీద నా చేత్తోనే గద్దని కుట్టమంటారా?”

అతను అడిగినదాంట్లో నాకు తప్పేమీ కనబడలేదు. చివరికి నిఘంటువు తిరగేసి ‘గరుడ శాబకాలు’ అని తేల్చాను. ఎవరికీ అర్థం కాలేదు. అందుకని అందరికీ నచ్చింది. పెద్దావిడైతే గుమ్మం మీద ‘గరుడ’ అన్న మాట చూసి, చెంపలేసుకుని దణ్ణం పెట్టింది.

ఫిబ్రవరిలో శాబకాలన్నిటినీ బస్సెక్కించి కొల్లేరు తీసుకెళ్లాం. గద్దలు ఎంత ఎత్తుకు ఎగురుతాయో అక్కడ ఉపన్యాసం ఇస్తానని కరస్పాండెంటు గారు దారంతా చెబుతూనే ఉన్నారు. భీమడోలు దాటాక ఒక చేపల చెరువు గట్టు మీద దిగాం. అక్కడ కాపలా ఉండే ముసలాయన మాకొక బుట్ట చూపించాడు. గాలికి గూట్లోంచి పడిన పిల్ల ఉంది అందులో. ఒంటినిండా బూడిదరంగు నూగు, మొహానికి మించిన ముక్కు, నోరు తెరిచి ఒకటే అరుపు. ముసలాయన చేపముక్కలు తుంచి పెడుతున్నాడు.

“ఇదేనర్రా ఈగ్లెట్!” అన్నారు కరస్పాండెంటు గారు, రెండడుగులు వెనక్కి వేస్తూ.

“ఇదీ ఎల్‌కేజీయేనాండీ?” అని ఒక పాప అడిగింది.

నేను ముసలాయన వైపు తిరిగాను. “పెద్దదైతే మీ చేపల్నే ఎత్తుకుపోతుంది కదండీ?”

“పెద్దదైతే కదండీ. ఇప్పుడిది పిల్లే కదా.”

ఆయన పంచె ఎగ్గట్టి, గట్టు పక్కనున్న చింతచెట్టెక్కి, పిల్లని గూట్లో పెట్టి దిగాడు. తల్లి గద్ద రెండుసార్లు ఆయన తలపాగా మీదికి దూసుకొచ్చింది. పిల్లలు చప్పట్లు కొట్టారు, ఎవరి తరఫునో నేను అడగలేదు. తరవాత గట్టు మీదే కూర్చుని పులిహోర పొట్లాలు విప్పుకున్నాం. కరస్పాండెంటు గారు ఆ పూట ఉపన్యాసం ఇవ్వలేదు.