ఖలాసీ చెయ్యి, ఫోర్‌మన్ చెయ్యి

మొన్న వినాయక చవితి చందా ఫోనులోనే కట్టేశాను. డబ్బు అందినట్టు టింగుమని మోగింది గానీ కమిటీ మీటింగుకు రమ్మని ఎవరూ పిలవలేదు, దాంతో మనసు తొంభైల చివర ఖరగ్‌పూర్‌లో ఒక గాలివాన మధ్యాహ్నానికి వెళ్లిపోయింది.

అప్పట్లో నేను న్యూ సెటిల్‌మెంట్ నుంచి సైకిలు మీద ప్రేమ్ బజార్‌కు వెళ్లి, అన్న అనే అర్థంలో మేం దాదా అని పిలిచే ఒక బెంగాలీ ఆయన నడిపే, ఇళ్లకు ఇంటర్నెట్ ఇచ్చే రెండు గదుల కంపెనీలో పనిచేసేదాన్ని. ఫోను లైను కీచుమని అరిస్తే గాని ఇంటర్నెట్ రాని రోజులవి, మీకూ గుర్తుండే ఉంటుంది. అలా కలిసే ప్రతి కంప్యూటరుకూ ఒక నంబరు కావాలి. ఒకే నంబరు ఇద్దరికి పడకుండా పంచిపెట్టే సంస్థ ఒకటి విదేశంలో ఉండేది, సభ్యులుగా చేరిన మాలాంటి కంపెనీలు స్థాయినిబట్టి కట్టే చందాలతోనే నడిచేది. ఆ ఏడాది ఖర్చులు పెరిగాయని, చిన్నా పెద్దా అందరూ ఒకే చందా కట్టాలన్న ప్రతిపాదనను ఓటుకు పెట్టారు. అది నెగ్గితే దాదా కట్టలేడు, నంబర్లు పోతాయి, కంపెనీతో పాటు నా ఉద్యోగమూ పోతుంది.

రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరై అక్కడి తెలుగువాళ్ల గుడి కమిటీ పనుల్లో తిరిగే మా నాన్న ఈ సంగతి విని అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "మన గుడిలో ఎవుడి జీతాన్నిబట్టి ఆడు సందా ఇస్తాడు, మీటింగులో సెయ్యి మాత్రం అందరికీ ఒకటే. ఇదేటి లెక్కమ్మా?" అన్నాడు. నిజమే, మా గుడిలో అందరికన్నా కింది పనివాడైన ఖలాసీ చెయ్యీ, అతని మీద పెత్తనం చేసే ఫోర్‌మన్ చెయ్యీ ఒక్కలాగే లెక్కకు వచ్చేవి. ఆ ధైర్యంతోనే దాదా, నేను మాలాంటి చిన్న కంపెనీలన్నింటికీ మెయిళ్లు రాశాం. మేమే ఎక్కువమందిమి గనక గెలుపు మాదే అనుకున్నాం. తీరా ఓటు వేసే రోజున దాదా నిబంధనలు చదివి, మొహం పాలిపోయి కూర్చున్నాడు. అక్కడ పెద్ద సభ్యుడికి ఓట్లు ఎక్కువట, మాకు ఒక్కటేనట. లోకమంతా మా గుడి పద్ధతే అనుకున్న తెలివికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆ ఒక్క ఓటూ మెయిల్లో పంపుదామంటే గాలివానకు లైను మాటిమాటికీ తెగిపోతోంది, గడువు సాయంత్రంతో సరి. చివరికి ఎలాగో వెళ్లింది.

కొన్నాళ్లకు ఫలితం వచ్చింది. ప్రతిపాదన ఓడిపోయింది. ఎవరో ఒక పెద్ద కంపెనీవాళ్లు మనసు మార్చుకుని తమ ఓట్లన్నీ మావైపు వేశారట. దాదా రసగుల్లాలు పంచాడు. నాన్న మాత్రం నోట్లో పెట్టుకోకుండా, "పెద్దోడి దయతో గెలిసినాం గానీ మన సేతుల్తో గాదు" అన్నాడు. సంతోషంగా ఉన్నవేళ ఆ మాట నాకు చేదుగా తగిలింది.

ఆ కంపెనీ ఇప్పుడు లేదు, నాన్నా లేడు. నా ఫోను ఇంటర్నెట్‌లో కలవడానికి అలాంటి నంబరును ఇప్పటికీ ఎవరో ఇస్తూనే ఉన్నారు. దాని చందా ఎవరు కడుతున్నారో, నా తరఫున చెయ్యి ఎవరెత్తుతున్నారో నాకు తెలియదు. ఓడిపోతామని తెలిసీ వానలో పంపిన ఆ ఒక్క ఓటు గుర్తొస్తే బెంగగా ఉంటుంది. ఎంత చిన్నదైనా అది మాది.