కన్ను ఏడ ఆగింది సారూ?

పక్కింటి భాయ్ పోయాడన్న సంగతి నాకు అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. పైన నీళ్ళ ట్యాంకర్ ఆలస్యమన్న మెసేజ్, కింద పార్కింగ్ గొడవ, మధ్యలో ఆయన చావు. ఆఫీసులోనే గుండె ఆగిందట. గోడకు ఇవతలే ఉన్న నాకు తలుపు తట్టి చెప్పేవాడు ఈ అమీన్‌పూర్‌లో ఒక్కడు లేకపోయాడు.

భాయ్‌ది ప్రోగ్రాములు రాసే ఉద్యోగం. నేను పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీ లైబ్రరీ చూసుకుని రిటైరైనవాణ్ణి. నేను దిగిపోగానే మేనేజర్లు ఆ పుస్తకాలన్నీ పాతకాగితాల వాడికి తూకానికి వేశారు. ఆ కోపం నాలో ఇంకా చల్లారలేదు. రోజూ నా తిట్లు విని విని, భాయ్ తన పాత కంప్యూటర్ ఇచ్చి నాకు ప్రోగ్రామింగ్ నేర్పాడు.

మనం రాసినదాన్ని యంత్రానికి అర్థమయ్యేలా మార్చేది కంపైలర్. అంకె ఉండాల్సినచోట పేరు పెడితే, అది తప్పని చెప్పడానికి తెర నిండా ఇంగ్లీషు కుమ్మరించేది.

"ఇది రాసినోడెవడు భాయ్? మనిషి మొకం సూడలేదా వాడు?" అన్నాను.

"గుస్సా తర్వాత సారూ. ముందుగాల మీ కన్ను ఏడ ఆగిందో గది చెప్పుండ్రి."

వేలు పెట్టి చూపించాలి. అర్థమైందా అని ఆయన ఎన్నడూ అడగలేదు. వాళ్ళింటికి చుట్టాలొచ్చినా తెర ముందు కూర్చోబెట్టి ఇదే ప్రశ్న. చేతిలో చాయ్ చల్లారిపోయేది.

అలా అడిగి అడిగి చేసిందే ఆయన టూల్. ప్రోగ్రాము రాసే ఎడిటర్‌లో తప్పు కింద పడే ఎర్రగీత మీద మౌస్ పెడితే చిన్న పెట్టె తెరుచుకుంటుంది. 'కావలసింది' అని ఒక వరుస, సరిగ్గా దాని కింద 'ఇచ్చింది' అని ఇంకో వరుస. రెండింటిలో ఒకేలా ఉన్నదంతా బూడిదరంగులో, తేడా ఉన్న ముక్క మాత్రం ఎర్రగా. కంపైలర్ అసలు మాటను ఆయన పారేయలేదు, అడుగున మడతపెట్టి ఉంచాడు. "అది అబద్ధం చెప్తలేదు సారూ. జెర లొల్లి చేస్తది, గంతే."

దాన్ని చూసి ఆయన టీమ్ లీడర్, "ఎర్రర్ చదవరానోడికి నౌకరి ఎందుకు?" అన్నాడట. ఆ మాట నాకు చెప్పిన రోజు భాయ్ చాయ్ ముట్టలేదు. కొత్తగా చేరిన పిల్లలు మాత్రం ఆ టూల్ పెట్టుకున్నారు. తర్వాత ఆఫీసంతా పెట్టుకుంది.

ఆ లీడర్ జనాజాకు వచ్చాడు. కళ్ళు తుడుచుకుని, "మా టీమ్ చేసిన మంచి టూల్ అంకుల్ అది" అన్నాడు.

"మీ టీమా? అయితే ఇగ మీరే నడిపిస్తరా?"

"కష్టం అంకుల్. సూస్కునేటోళ్ళు లేరు. సోమవారం తీసేస్తున్నం."

"మట్టి ఇంకా తడారలే బిడ్డా. గప్పుడే తూకానికేస్తున్నవా?"

అతనికి అర్థం కాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను, చదువుకోనీ.

సోమవారం అన్నంత పనీ చేశారు. నా దగ్గరున్న పాత కంప్యూటర్‌లో భాయ్ పెట్టిన టూల్ జోలికి రావడం మాత్రం వాళ్ళ చేతిలో లేదు. నిన్న పొద్దున ఎడిటర్ తెరిచి, అంకెలు ఉండాల్సిన వరుసలో కావాలనే ఒక పేరు రాశాను. భాయ్ పేరే. ఎర్రగీత పడింది, పెట్టె తెరుచుకుంది. కావలసింది: అంకెల వరుస. ఇచ్చింది: అక్షరాల వరుస.

గోడ అవతల చప్పుడు లేదు. ఆ ఎర్రటి ముక్క మీద వేలు పెట్టాను.

ఈడ ఆగింది భాయ్.