దాచిన ఫైళ్లు, యాభై ఎనిమిదో ఊరు

ఈ సంగతిలో నా వాదన ఏమిటని ఇప్పటివరకు ఒక్కరూ అడగలేదు. బంధువుల ఇళ్లల్లో ఏ శుభకార్యం జరిగినా భోజనాల దగ్గర మా ఆవిడ కథ మొదలుపెడుతుంది. అందరూ విస్తట్లో అన్నం చల్లారేదాకా నవ్వుతారు. తర్వాత నా వైపు జాలిగా ఒక చూపు చూసి పెరుగు వేయించుకుంటారు. హత్య చేసినవాడినైనా కోర్టులో ఒకసారి "నువ్వేమంటావు?" అని అడుగుతారు. నేను చంపింది మనిషిని కాదు, కంప్యూటర్‌లోని కొన్ని టెంపరరీ ఫైళ్లను. అయినా నాకు ఆ మర్యాద దక్కలేదు. అందుకే నా మాట నేనే రాసుకుంటున్నాను. ఇందులో ఒక సర్వనాశనం ఉంది. దానికి కారణం నేనే. అయితే ఎంతవరకు నేనే అన్నది మీరు చదివి తేల్చండి.

మాది సూర్యాపేట. ఇంటి ముందు గదిలోనే నా షాపు. బోరు మోటర్లు, స్టార్టర్లు, పైపులు అమ్ముతాను. మా ఆవిడ సుజాత ప్రభుత్వ టీచర్. అప్పటికి ఎనిమిదేళ్లుగా కోదాడ దగ్గర ఒక ఊరి బడికి రోజూ పోయి వచ్చేది. పొద్దున ఆరున్నరకు బస్సెక్కితే సాయంత్రం ఆరున్నరకు నడుము పట్టుకుని దిగేది. ఎనిమిదేళ్లకు బదిలీలు వచ్చాయి. ఖాళీ ఉన్న ఊళ్లను మనకు నచ్చిన వరుసలో ఒకటి, రెండు, మూడు అని నంబర్లు వేసి ఇంటర్నెట్‌లో పంపాలి. ఆ వరుసను బట్టి ఊరు ఇస్తారు. ఊళ్లు మొత్తం యాభై ఎనిమిది. సుజాత మూడు రోజులు కూర్చుని ఒక పాత క్యాలెండర్ కాగితం వెనక చిత్తు రాసుకుంది. గడువు చివరి రోజు తెల్లవారుజామున లేచి, మా ఇంటి కంప్యూటర్‌లో యాభై ఎనిమిది ఊళ్లూ ఎక్కించింది. సేవ్ నొక్కితే మాత్రం తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. జిల్లాలోని టీచర్లందరూ అదే సమయానికి అదే నొక్కుతున్నారు మరి.

బస్సుకు టైమైంది. బ్యాగు భుజానికి వేసుకుని నాతో అంది:

"పేజీ అట్లనే ఉంచిన. పన్నెండింటికి జర రద్దీ తగ్గుతదట. అప్పుడు ఒక్కసారి సేవ్ నొక్కుండ్రి. అది తప్ప ఇంకేం ముట్టకుండ్రి."

"నాకు తెల్వదా?"

"తెలుసనే చెప్తున్న. ఏం ముట్టకుండ్రి."

గమనించారా? రెండుసార్లు అంది. మూడు ఫేజుల మోటరు విప్పి బిగించే మనిషిని పట్టుకుని, షాపు ముందు పైపులు దించుతున్న ఆటోవాడు వింటుండగా, ముట్టొద్దు అని రెండుసార్లు. అసలు గొడవ అక్కడ మొదలైంది. దీన్ని మా ఆవిడ తన కథలో ఎప్పుడూ చెప్పదు.

పదకొండింటికి వెళ్లి చూశాను. చక్రం తిరుగుతోంది. మౌస్ కదిపితే బాణం గుర్తు వరదలో బర్రెలాగ అటొకసారి ఇటొకసారి తేలుతోంది. ఇది ఆ వెబ్‌సైట్ తప్పు కాదు, మా కంప్యూటర్ జబ్బేనని నాకు నేనే తేల్చుకుని, మిర్యాలగూడలో రైస్ మిల్లు ఆఫీసులో కంప్యూటర్ చూసుకునే మా బామ్మర్ది నరేష్‌కు ఫోన్ చేశాను.

"బావా, టెంపరరీ ఫైల్స్ నిండినయేమో. మనం నెట్‌ల ఏది సూసినా దాని తుకడా ఒకటి లోపల దాచిపెట్టుకుంటది. తీసేస్తే స్పీడయితది."

"నేను చూసినప్పుడు అవి నాకెందుకు కనబడలే?"

"హిడెన్ ఉంటయ్ బావా. కనవడయ్."

"ఎవరు దాచిన్రు?"

"ఎవరు దాస్తరు? అదే దాచుకుంటది."

"నా ఇంట్ల, నేను పైసలు పెట్టి కొన్న కంప్యూటర్, నాకు కనబడకుండనా?"

"నీకొక్కనికే కాదు బావా, అందరికీ గంతే."

"అందరి సంగతి నాకెందుకురా?"

"అయ్యో! సరే, అవి కనవడాల్నంటే పైన వ్యూ అని ఉంటది, అండ్ల హిడెన్ ఐటమ్స్‌కు టిక్ కొట్టు. గని ఇప్పుడే గెలకకు. అక్క పని అయినంక తీరిగ్గ... ఓ బావా, లోడింగ్‌కు లారీ వచ్చింది, మల్ల జేస్త."

నాకు వినిపించింది టిక్ కొట్టు వరకే. మిగతాది లారీ హారన్‌లో కలిసిపోయిందని ఇన్నేళ్లుగా చెబుతూ వస్తున్నాను. మీకు మాత్రం నిజం చెబుతాను, విన్నాను.

టిక్ కొట్టాను. అప్పటిదాకా ఖాళీగా ఉన్న చోట వెలిసిపోయిన రంగులో ఫోల్డర్లు, తప్పు చేసి గోడకు ఆనుకుని నిలబడ్డ పిల్లల్లా బయటపడ్డాయి. ఒకటి తెరిస్తే లోపల ఇంకోటి. దాని లోపల వేల ఫైళ్లు. పేరు టెంపరరీ, ఉండబట్టి నాలుగేళ్లు! మా వీధిలో టెంపరరీగా తవ్విన గుంత కూడా అంతే. దానికి నేను ఏడు అర్జీలు పెట్టాను, జవాబు లేదు. కనీసం ఈ గుంతనైనా నా చేతులతో పూడ్చే అవకాశం వచ్చింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడు హిడెన్ ఐటమ్స్‌కు టిక్ కొట్టి ఉండడు.

అన్నింటినీ ఎంచుకుని డిలీట్ నొక్కాను. సగం పోయాయి. సగం దగ్గర అడ్డు పడింది: ఈ ఫైలు వాడుకలో ఉంది, ప్రోగ్రామ్ మూసి మళ్లీ ప్రయత్నించండి. మళ్లీ ప్రయత్నించండి, రేపు రండి, సారు లేడు... ఈ మాటలు నేను జన్మలో ఎన్ని కిటికీల దగ్గర విన్నానో! నా ఇంట్లో నా కుర్చీలో కూర్చుని కూడా వినాలా? బ్రౌజర్ మూయబోయాను. అది ఇంకో ప్రశ్న వేసింది: ఈ పేజీ నుంచి వెళ్లిపోతారా? మీరు చేసిన మార్పులు సేవ్ కాకపోవచ్చు.

నేనేం మార్పులు చేశాను? ఏమీ చేయలేదు. వెళ్లిపోతాను అని నొక్కాను.

ఇక ఆ ఊపులో హిస్టరీ, కుకీలు, దాచుకున్న పాస్‌వర్డులు, ఏ గడి కనబడితే ఆ గడికి టిక్ కొట్టి అన్నీ ఊడ్చేశాను. కంప్యూటర్ నిజంగానే వేగమైంది, అబద్ధం చెప్పను. బాణం గుర్తు సాగర్ కాలువలో నీళ్లు వదిలినట్టు పరుగెత్తింది. ఓ నిమిషం పాటు నా అంత సంతోషంగా సూర్యాపేటలో ఎవరూ లేరు. తర్వాత బ్రౌజర్ తెరిచాను. తెల్లగా, నిన్ననే సున్నం వేసిన గోడలా ఉంది. ఎలుక ఉందని ఇంటికి నిప్పు పెట్టినవాడి కథ మీరు వినే ఉంటారు. నా విషయంలో ఎలుకలు కూడా చచ్చాయి, అంతే తేడా.

ఇప్పుడు తెలివి ఉన్నవాడు ఏం చేస్తాడు? భార్యకు ఫోన్ చేస్తాడు. చిత్తు కాగితం ఆమె బ్యాగులోనే ఉంది. ఇంటర్వెల్‌లో పావుగంట చదివి వినిపిస్తే అయిపోయేది. నాకూ ఆ ఆలోచన వచ్చింది. కానీ "ముట్టొద్దని చెప్పిన్నా లేదా?" అనే గొంతు ఫోన్ చేయకముందే చెవిలో వినబడింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మామూలు మనుషుల పద్ధతి. నేను ఇంకో పొయ్యి వెలిగించాను.

మా ఇంట్లో ఏ ఫారం నింపినా, అది సుజాత ఉద్యోగానిదైనా సరే, ఫోన్ నంబర్ నాదే రాసేవాళ్లం. ఇంటి యజమాని అన్న గౌరవం! ఆ గౌరవమే నా కొంప ముంచింది. పాస్‌వర్డ్ మరిచిపోయాను అని నొక్కగానే ఓటీపీ నా ఫోన్‌కే వచ్చింది. లోపలికి వెళ్తే యాభై ఎనిమిది గడులు, అన్నీ ఖాళీ. టైము పన్నెండున్నర. ఐదింటికి గడువు.

దగ్గర ఊరు కావాలన్నది సుజాత కోరికని నాకు తెలుసు. అయితే వ్యాపారం మీద నేను తిరగని ఊరు లేదు. పైగా నా జ్ఞాపకశక్తి ఊళ్లను దూరాన్ని బట్టి పెట్టుకోదు, అవమానాన్ని బట్టి పెట్టుకుంటుంది. చివ్వెంల అని టైపు చేయబోతే, అక్కడి ఒక పెళ్లి పత్రికలో మా తమ్ముడి పేరు ఉండి నా పేరు లేకపోవడం గుర్తొచ్చింది. వెనక్కి జరిపాను. మోతెలో ఒకాయన నలుగురిలో "నీ మోటరు కంటే మా ముసలి ఎద్దు నయం" అన్నాడు. ఇంకా వెనక్కి. ఆత్మకూరు స్కూటీ మీద అరగంట దూరం, నిజమే. కానీ అక్కడ మా ఆవిడ పెద్దమ్మ వాళ్ల దావత్‌లో పంక్తి మొత్తానికి మటన్ ముక్కలు వేసి, నా దగ్గరికి వచ్చేసరికి గరిటెడు పులుసు పోసి వెళ్లిపోయారు. అప్పటికే పద్నాలుగేళ్లయింది. ఆ పులుసు రంగు ఇప్పటికీ చెప్పగలను. ముక్క వేయని ఊరు మర్యాద ఏం చేస్తుంది? యాభై ఎనిమిది.

చూడండి, దగ్గర ఊళ్లతోనే మనకు రాకపోకలు ఎక్కువ. రాకపోకలు ఎక్కువైన చోటే అవమానాలూ ఎక్కువ. అందువల్ల నా ప్రమేయం లేకుండానే దూరపు ఊళ్లు ముందుకు, దగ్గర ఊళ్లు వెనక్కి పోయాయి. కోదాడ అవతల, ఇంకో అడుగు వేస్తే ఆంధ్ర వచ్చే చోట ఒక ఊరుంది. ఒక్కసారే వెళ్లాను. ఒక రైతు మంచం మీద దుప్పటి పరిచి కూర్చోబెట్టి, నిమ్మ సోడా ఇచ్చి, నాలుగుసార్లు సార్ అన్నాడు. ఆ ఊరిని ఒకటో నంబరులో పెట్టాను. సేవ్ నొక్కితే చక్రం ఒక్క చుట్టే తిరిగింది. మార్చడానికి వీల్లేని ఫైనల్ బటన్ కూడా నేనే నొక్కాను.

మూడింటికి సుజాత ఫోన్ చేసింది.

"సేవ్ అయిందా?"

"అయింది. ఫైనల్ గూడ కొట్టిన."

"యాభై ఎనిమిదీ ఉన్నయా?"

"ఉన్నయ్."

"ఆత్మకూరు ఒకటో నంబరే గద?"

కౌంటర్ మీది స్టార్టర్ మూత తీసి మళ్లీ పెట్టాను.

"ఆత్మకూరు... ఉన్నది."

"ఉన్నదంటే?"

"లిస్టుల ఉన్నదంటున్న."

"అమ్మయ్య! ఇప్పటికి ఒక్క పని మంచిగ చేసిన్రు."

పెళ్లయిన ఇరవై ఏళ్లలో ఆమె నన్ను మెచ్చుకున్న మాట అదొక్కటే. దాన్ని కూడా అనుభవించలేకపోయాను.

పది రోజులకు మెసేజ్ నా ఫోన్‌కే వచ్చింది: అభినందనలు, మీ మొదటి ఐచ్ఛికం మంజూరైంది. ఎందుకు మంజూరు కాదు? జిల్లా మొత్తంలో ఆ ఊరిని ఒకటో నంబరులో కోరుకున్నది మేమొక్కరమే. తోటి టీచర్ల ఫోన్లు: "ఫస్ట్ ఆప్షనే వచ్చిందట గద మేడం, అదృష్టవంతులు!" సుజాత మురిసిపోతూ ఆత్మకూరు బడికి దగ్గరలో స్కూటీ ఎక్కడ ఆపాలో లెక్క వేస్తోంది. మెసేజ్‌లోని అసలు ఊరి పేరు ఆమెకు చదివి చెప్పాల్సింది నేను. ఒక పూట పని లేనివాడిలా బయటే తిరిగి, సాయంత్రం ఫోన్ ఆమె చేతికిచ్చి షాపులోకి పోయి స్టార్టర్ విప్పుతూ కూర్చున్నాను.

ఆమె అరవలేదు. లిస్టు ప్రింటు తీయించి తెచ్చి, కౌంటర్ మీద పరిచి, చివరి గడి మీద వేలు పెట్టింది.

"ఆత్మకూరు యాభై ఎనిమిదా?"

జరిగిందంతా చెప్పాను. ఫైళ్లు, నరేష్, లారీ, పులుసు.

"ఏం పులుసు?"

"మీ పెద్దమ్మోళ్ల దావత్‌ల. అందరికీ ముక్కలేసిన్రు, నాకెయ్యలే."

సుజాత గడి మీద నుంచి వేలు తీసింది.

"అప్పుడు మీకు మూడు రోజుల సంది కడుపు నొప్పి. సెలైన్ ఎక్కించుకొని దవాఖాన నుంచి సీదా దావత్‌కొచ్చిన్రు. వడ్డించెటోళ్లకు, ఆయనకు ముక్కలెయ్యకుండ్రి అని నేనే చెప్పిన."

పద్నాలుగేళ్ల పగ! సొంత ఇంటి మనిషి మీద పెట్టుకోవాల్సింది తీసుకుపోయి ఒక అమాయకమైన ఊరి మీద పెట్టాను.

చేరే రోజు ఆమెకు తోడు వెళ్లాను, కనీసం అక్కడ నాకు దక్కే మర్యాదైనా చూస్తుందని. ఆ రైతు దూరం నుంచే గుర్తుపట్టి పరుగున వచ్చాడు.

"ఏంటి సార్, ఇన్నాళ్లకు దొరికారా! మీరిచ్చిన మోటరు నెలకే కాలిపోయిందండి. ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తరే?"

సుజాత నా వైపు చూడలేదు. ఆకాశం వైపు చూసింది.

అప్పటినుంచి ఆ ఊళ్లో నా మోటర్లకు ఫిర్యాదుల కిటికీ ఆమే. రోజూ రెండు బస్సులు, ఒక ఆటో. శిక్షగా పొద్దున ఐదింటికి లేచి ఆమెకు బాక్సు కట్టే పని నాది. పప్పు, కూర, అన్నం, పెరుగు. ఇన్నేళ్లలో ఒక్క రోజు తప్పలేదు.

కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా చెబుతున్నాను. ఇకమీదట కంప్యూటర్ తనలో తాను ఏం దాచుకున్నా అడగను. చక్రం తిరిగితే తిరగనిస్తాను, వరదలో బర్రె తేలితే తేలనిస్తాను. పేజీ నుంచి వెళ్లిపోతారా అని యంత్రం అడిగితే చేతులు కట్టుకుని, మీ ఇష్టం తల్లీ అంటాను.

మళ్లీ బదిలీలు వచ్చాయి. ఈసారి ఫోన్ నంబర్ ఆమెదే, పాస్‌వర్డ్ ఆమెదే, నింపింది కోదాడలోని నెట్ సెంటర్‌లో. నిన్న పొద్దున బాక్సు చేతికిస్తూ అడిగాను.

"ఆత్మకూరు ఒకటో నంబరే గద?"

"లిస్టుల ఉన్నది," అని బస్సెక్కింది.

నరేష్‌ను అడిగితే, అక్కనడుగు అన్నాడు. వాళ్ల హెడ్‌మాస్టర్‌కు ఫోన్ చేస్తే, మేడమ్‌నే అడగండి సార్ అన్నాడు. అయ్యా, అమ్మా, నేను అడిగేది రాజ్య రహస్యం కాదు. వచ్చే ఏడాది కూడా పొద్దున ఐదింటికి పొయ్యి వెలిగించాల్సింది నేనేనా, కాదా? ఈ ఒక్కదానికైనా ఎవరో ఒకరు నాకు జవాబు చెప్పండి.