తోటలో అమ్మ మావి

మొన్న మా కోడలు ఎక్కడో ఒక పాత ఎస్టేటు చూసొచ్చి ఫోనులో ఫొటోలు చూపించింది. ప్రతి చెట్టుకూ వయసు రాసిన రేకు తగిలించారు. ఏ లెక్కన కట్టారబ్బా అని మొదలైన నా ఆలోచన, అలవాటు ప్రకారం దారి తప్పి దుమ్ముగూడెం వైపు పోయింది.

పంతొమ్మిది వందల ఎనభైల్లో అమ్మను భద్రాచలం తీసుకెళ్లాను. దర్శనం కాగానే అసలు కోరిక బయటపెట్టింది. దగ్గర్లోని దుమ్ముగూడెంలో, గోదావరి ఒడ్డున ఒక తెల్లదొర వేయించిన తోటలో మా తాత మాలిగా చేసేవాడు. అమ్మ పుట్టింది అక్కడే. ఆమెకు ఊహ తెలియకముందే వాళ్లు ఆ చోటు విడిచారు. కోస్తా నుంచి వలస వచ్చిన అమ్మమ్మ మాత్రం పోయేదాకా ‘నీ మావి ఆ తోటలోనే ఉంది’ అంటుండేదట. తన పేరున నాటిన ఆ మామిడిని ఒక్కసారి ముట్టుకోవాలని అమ్మ ఆశ.

వెళ్లి చూస్తే, దొర బంగ్లా పైకప్పు కూలిపోయినా, కలుపు మధ్య మామిడి వరసలు తాడు పట్టి గీసినట్టే ఉన్నాయి. తన దేశంలో లేని చెట్టును దొర ఇంత శ్రద్ధగా ఎందుకు నాటించాడా అని నాకు ఒకటే కుతూహలం. అమ్మ వయసుకు మొదలు ఎంత లావుండాలో ఊహించి, తువ్వాలు చుట్టి కొలుస్తూ పోయాను. అన్నీ ఇంచుమించు ఒకే లావు. బస్సు వేళవుతున్న కొద్దీ అమ్మ మొహం చిన్నబోయింది.

కావలివాడి తల్లి, పండు ముసలిది, మమ్మల్ని చూసి చూసి, "ఏందయ్యా, చెట్లకు అంగీలు కుట్టిస్తవా?" అంది. అమ్మ సంగతంతా చెప్పింది. అవ్వ పడీపడీ నవ్వింది.

"పిచ్చి బిడ్డా, మావంటే చెట్టు గాదే! కాన్పుల పడే మాయ. మీ దిక్కు గట్లనే అంటరు గదా."

మావి అంటే మామిడేనని అమ్మ ఇన్నేళ్లూ నమ్మింది. అవ్వ మమ్మల్ని పనివాళ్ల ఇళ్ల వెనక్కి తీసుకుపోయింది. తోటలో పుట్టిన పిల్లలందరి మాయలూ ఆ గోడ వెనకే పాతేవారట. అక్కడ గడ్డి తప్ప ఏమీ లేదు. అమ్మ గొంతుక్కూర్చుని, రెండు చేతులూ నేలకు ఆనించి, "బస్సు పోతే పోనీరా" అంది.

నా పిల్లలు దవాఖానాలో పుట్టారు. వాళ్ల మావి ఎటు పోయిందో ఎవరూ చెప్పలేదు. ఇది నాది అని చెయ్యి ఆనించడానికి వాళ్లకు అరచేతి వెడల్పు నేలైనా ఎక్కడుందో నాకు తెలియదు.