మేకుకు వేలాడిన అక్క

మా చిన్నమ్మమ్మకు పులి కన్నా గురక అంటే ఎక్కువ భయం. ఆవిడ ఆకు కోసే తేయాకు తోటలో గదికి ఇద్దరు కోతమనుషులు ఉండాలని రూలు. ఒకరు తగ్గితే గది లాగేసుకుని, మిగిలిన మనిషిని ఎక్కడ చోటుంటే అక్కడికి తోస్తారు. అప్పుడు చోటున్నది గురకమ్మ గదిలోనే.

గదిలో తోడున్న సొంత అక్కకు కొండవతలి తోటలో పనిచేసే మనిషితో పెళ్ళయింది. మూట కట్టుకుంటూ అక్క ఒకటే మాట చెప్పింది.

"గది మాత్రం వదలకే. ఆయనెలాంటివాడో నాకింకా తెలీదు."

చిన్నమ్మమ్మ వదల్లేదు. పొద్దున్నే రెండు బుట్టలూ వీపున వేసుకుని వాలెక్కేది. తను కోసిన ఆకే రెండింట్లో పంచి, సాయంత్రం తూకం అయ్యాక రెండింటినీ తూకాల పాకలో మేకులకు తగిలించేది. ఇద్దరి ఆకూ తనొక్కతే కోసేదట. అది ఆవిడ చెప్పే మాట. నమ్మడం మన ఇష్టం. తోటి ఆడవాళ్ళకు సంగతి తెలుసు. తెలిసీ నోరు విప్పలేదు, అదే పెద్ద వింత.

ఇంతలో జనాభా లెక్కలు వచ్చిపడ్డాయి. లెక్కలాయన ముసుర్లో దిగాడు. ఒక జలగ కాలు పట్టుకునేసరికి, పాకలో బల్లెక్కి కాళ్ళు పైన పెట్టుకుని కూర్చున్నాడు. పనివాళ్ళ సంఖ్య తను తెచ్చిస్తానని తోట గుమాస్తా ముందుకొచ్చాడు. ఆయన పద్ధతి ఆయనది: పని దిగాక మేకులకున్న బుట్టలు లెక్కపెట్టడం. ఎవరి బుట్ట వాళ్ళ వీపుకే అమరుతుంది, ఒకరిది ఒకరు ముట్టరు, కాబట్టి బుట్టకో మనిషి. బుట్ట లేని ముసలాళ్ళూ పసిపిల్లలూ ఆయన దృష్టిలో జనాభా కారు. అలా అక్క ఇక్కడ బుట్టగానూ, కొండవతల మనిషిగానూ లెక్కకెక్కింది.

చివరి రోజున, నాలుగిళ్ళైనా కళ్ళతో చూడాలని, లెక్కలాయన గుమాస్తాను వెంటబెట్టుకుని బయల్దేరాడు. చిన్నమ్మమ్మ గుమ్మం దగ్గరే ఆగాడు.

"ఇద్దరని రాసుంది. రెండో మనిషి ఏదమ్మా?"

ఆవిడకు బుట్ట తగిలించడం వచ్చుగాని, అబద్ధం తగిలించడం రాదు. అక్క పెళ్ళై కొండవతలికి వెళ్ళిందని ఉన్నది చెప్పేసి, మనసులోనే గురకమ్మ గదికి మూట కట్టుకుంది.

లెక్కలాయన గుమాస్తా వైపు తిరిగాడు. గుమాస్తా మనసులో లెక్క వేసుకున్నాడు. ఒక్క బుట్ట తప్పైతే అన్ని బుట్టలూ తప్పే. ఆ జలగల్లో వాలువాలుకీ ఎక్కి మనుషుల్ని ఏరుకోవాలి.

"వస్తూపోతూ ఉంటుందండి. లెక్క వేసిన రాత్రి ఇక్కడే పడుకుంది, నాకు తెలుసు," అన్నాడు.

లెక్కలాయన మడమ మీది జలగను పీక్కుంటూ పక్కింటికి నడిచాడు. గుమాస్తా ఓ క్షణం ఆగి గొంతు తగ్గించాడు.

"అమ్మాయ్, ఆ రెండో బుట్ట దింపావో, నీ గదీ నా ఉద్యోగమూ రెండూ ఊడతాయి."

కొన్నేళ్ళకు ఓ ముసురు రోజున అక్క చంకన పసిపిల్లతో గుమ్మంలోకొచ్చి నిలబడింది.

"గది ఉందా?" అంది అక్క.

"నువ్వెళ్తే కదా, పోవడానికి," అని చిన్నమ్మమ్మ చాప పరిచింది.

కాపురం అక్కకు ఇంకేం నేర్పిందో గాని, గురక మాత్రం బాగా నేర్పింది. చిన్నమ్మమ్మ చెవుల్లో దూది కుక్కుకుని పడుకునేది. మళ్ళీ లెక్కలొచ్చినప్పుడు, కూరగాయలు తెచ్చుకునే చిన్న బుట్టను మూడో మేకుకు తగిలించింది. ఆ బుట్టే మా అమ్మ.