పొగాకు బ్యారన్‌లో మిరపకాయలు

మూడో రోజు కూడా ముసురు తగ్గలేదు. వెంకటరావమ్మ కల్లంలో ఆరబోసిన మిరపకాయల మీది పట్టా అంచు ఎత్తి లోపలికి చెయ్యి పెట్టింది. కాయ వెచ్చగా, మెత్తగా తగిలింది. ఇంకో వారం ఇలాగే ఉంటే రెండెకరాల తొలి కోత మొత్తం తెల్లబడి తాలు అవుతుంది. తాలుకాయను ఎవరికి చూపించినా మొహం తిప్పుకుంటారు.

ఫిబ్రవరిలో వానేమిటని ఆశ్చర్యపోవడం ఆమె ఎప్పుడో మానేసింది. కాపురానికి వచ్చిన కొత్తల్లో ఈ నెలలో కల్లం మీద పట్టా కప్పిన ఇల్లే లేదు. ఇప్పుడు పట్టా లేని ఇల్లు లేదు. చేలో నీళ్లు నిలవకుండా ఎత్తు బోదెలు తోలించి నాటింది. తెగులొచ్చినా ఏదో ఒకటి మిగులుతుందని పక్కన కంది వేసింది. చేను ఆమె మాట విన్నది. కల్లమే వినడం లేదు.

వసారాలో టీ తాగుతున్న మొగుడు యలమందను అడిగింది.

"ఏమయ్యా, బ్యారన్ తాళం ఎక్కడ పెట్టావ్?"

"దాంతో ఏం పనే?"

"కాయ ఆరబెడదాం."

"పొగాకు బ్యారన్‌లో మిరపకాయా? మతి పోయిందా నీకు?"

"పోయేది కాయ. మతి ఉందిలే, లెగు."

పొగాకు వేయడం మానేశాక ఆరేళ్లుగా, పొయ్యి వేడికి ఆకు ఆరబెట్టే ఆ బ్యారన్‌ గదిలో పత్తికట్టె తప్ప ఏమీ లేదు. అయినా యలమందకు అదంటే గర్వం. ఆకు కాల్చాలంటే ఒకప్పుడు పర్చూరు చుట్టుపక్కల నాలుగూళ్లవాళ్లు ఆయన కోసమే వచ్చేవాళ్లు. కట్టె బయటకు లాగి, పొగాకు వేలాడదీసే పాత కర్రల మీద ఆకుపచ్చ వలలు బిగించి అరలు కట్టేసరికి ఆయనకు పదేళ్ల వయసు తగ్గింది.

"మంట నెమ్మదిగా పెట్టయ్యా," అంది వెంకటరావమ్మ.

"నిప్పు సంగతి నాకు చెబుతావా? పాతికేళ్లు కాల్చిన చెయ్యి ఇది!"

ఆమె ముందు రెండు గంపలే లోపల పోయించింది.

యలమంద పై కిటికీలు మూసి, పొగాకు ఈనె ఎండేదాకా ఇచ్చే వేడే ఇచ్చాడు. నూట అరవై డిగ్రీల ఫారెన్‌హీట్. తెల్లారాక ఠీవిగా తలుపు తీశాడు. తీసినవాడు తీసినట్టే కళ్లు మూసుకుని వీధిలోకి పరుగెత్తాడు. వెనకే ఘాటు. గేదె తుమ్మింది. ఎదురింటి ఖాదర్ వలి ముక్కుకు తువ్వాలు చుట్టుకుని బయటకొచ్చాడు.

"వదినా! ఊరు ఖాళీ చేయిస్తున్నారా ఏంటి?"

"మీ అన్ననడుగు!"

"ఒరేయ్ ఖాదరూ, తలుపు..." అని తుమ్మాడు యలమంద. "తలుపు ముయ్యరా!"

"నువ్వే తెరిచావుగా, నువ్వే ముయ్యి!"

కాయలు బయటకు తీస్తే నల్లగా మాడి ఉన్నాయి. వెంకటరావమ్మ అరుగు మీద కూలబడి, కళ్లలో నీళ్లు కారుతుండగానే నవ్వింది.

"పెళ్లికి ముందు వేటపాలెంలో జీడిపప్పు ఫ్యాక్టరీలో మూడేళ్లు చేశాను. పప్పు ఆరబెట్టే గదిలో వేడి ఎక్కువైతే మేస్త్రీ మా మీద విరుచుకుపడేవాడు. కాయకు చెమట పోవాలయ్యా, ఒళ్లు కాలకూడదు. గాలాడనివ్వు."

ఈసారి కిటికీలన్నీ బార్లా తెరిపించింది. ఖాదర్ వలి ఇంటి పెద్ద ఫ్యాను తెచ్చి తలుపు దగ్గర పెట్టింది. నూట ఇరవై దాటితే ఊరుకోనంది. యలమంద పొయ్యి ముందు కూర్చుని ఒక్కో పుల్లా వేస్తూ సణిగాడు.

"బ్యారన్ కాల్చినవాణ్ని పాలు కాచే పనిలో పెట్టావు."

"పొంగకుండా చూసుకో మరి."

మొదటి విడత దిగడానికి రెండు రోజులు పట్టింది. ఆమె గుప్పెడు కాయలు తీసి చెవి దగ్గర ఆడించింది. గింజలు గలగలలాడాయి. రంగు చెక్కు చెదరలేదు. కల్లంలో అడుగున మగ్గిపోయిన కాయ, పదింట ఒక వంతు, తాలుగానే దిగింది. దాన్ని వేరే కుప్ప పోయించింది.

రెండో విడత కూడా ఎర్రగా దిగిన రోజు ఖాదర్ వలి తన కాయను ట్రాక్టర్ మీద తెచ్చి బ్యారన్ ముందు ఆపాడు. సన్నగా చినుకులు పడుతున్నాయి.

"చోటుందా వదినా?"

"మొత్తం దించరా, నేనున్నాగా!" అన్నాడు యలమంద.

"అందుకే అడుగుతున్నా అన్నా. నిప్పు దగ్గర ఎవరు కూర్చుంటారు?"

"మీ అన్నే కూర్చుంటాడు," అంది వెంకటరావమ్మ, ట్రాక్టర్ మీది మొదటి గంప అందుకుంటూ. "ఆయన పక్కన నేను కూర్చుంటా."